మా అత్త చెవులు

రెండు వేల ఒకటి, ఆషాఢమాసం. మా ఊరి సర్పంచి పదవి ఈసారి ఎస్సీ మహిళకి అన్న కబురు వచ్చేసరికి నేను పల్లంరాజుగారి చేలో మోకాలి లోతు బురదలో వంగి వరినారు నాటుతున్నాను. గట్టు మీద నుంచి మా ఆయన యుగంధర్ చెయ్యి ఊపుతూ కేకేశాడు.

"రాణీ, కాళ్ళు కడుక్కుని రా. రాజుగారు రమ్మంటన్నారు."

నాటు పల్చగా పడిందని తిడతారేమో అనుకుంటూ వెళ్ళాను. తిట్లయితే ఎంత బాగుండేది. తిట్లు సాయంత్రానికి మరిచిపోవచ్చు.

పల్లంరాజుగారు అప్పటికి రెండుసార్లు సర్పంచి చేశారు. ట్రాక్టరు ఆయనది, దాన్ని తోలేది మా ఆయన. కుర్చీ ఆడవాళ్ళ పాలయ్యేసరికి, అందులో కూర్చోబెట్టడానికి తన మాట వినే మనిషి కావాల్సి వచ్చింది ఆయనకి. కాలవకి అవతల మా పేటలో పదో తరగతి పాసైన ఆడవాళ్ళం ముగ్గురం. ఒకామెకి నోరెక్కువ. ఇంకొకామెకి నెలలు నిండాయి. అలా నేను నాయకురాలినయ్యాను.

"నువ్వు చెయ్యాల్సిందేం లేదమ్మాయ్. సంతకం పెట్టడం వచ్చుగా?" అన్నారు రాజుగారు.

"ఆయ్" అన్నాడు మా ఆయన నా బదులు.

"ఇంకో సంగతి. రేపట్నుంచి బొట్టు పెట్టుకో. కనపడ్డ వాళ్ళకి నమస్కారం అను. ఆ వందనాలు గిందనాలు ఎలక్షన్ అయ్యేదాకా పెట్టెలో పెట్టి తాళం వెయ్యి."

ఆయన అన్నదానికి కారణం ఉంది. వందనాలు చర్చికెళ్ళేవాళ్ళ పలకరింపు, మా పేటలో ఆదివారం చర్చికి వెళ్ళని ఇల్లు లేదు. కాగితాల్లో మాత్రం ఒక్క క్రైస్తవుడూ లేడు. ఎస్సీలు క్రైస్తవులమని కాగితం మీద ఒప్పుకుంటే ఎస్సీలు కాకుండా పోతారు, అది చట్టం. అందుకని పిల్లని ఒకటో తరగతిలో వేసేటప్పుడే మతం దగ్గర హిందూ అని రాయించేస్తారు. ఆదివారం ఒక మాట, ఆఫీసులో ఒక మాట. ఆ రెండు మాటల మధ్యే పుట్టి పెరిగాం కాబట్టి అది అబద్ధమని కూడా మాకు తోచేది కాదు. మా అత్త సంగతి వేరు. ఆమె బడికి వెళ్ళలేదు, ఏ సర్టిఫికెట్టూ తీసుకోలేదు, ఏ ఫారమూ నింపలేదు. ఆమె దగ్గర ఒకటే మాట ఉండేది.

ఊళ్ళో ఆమెని ప్రార్థనల అప్పాయమ్మ అనేవారు. ఆమె మైకు పట్టుకుని వీధిలో నిలబడే రకం కాదు. ఎవరింటికి పనికి వెళ్ళినా గుమ్మంలో "వందనాలమ్మా" అనేది. అంతే ఆమె బోధ. మిగతాదంతా వినడమే. పెద్దిళ్ళ ఆడవాళ్ళు పెరటి గుమ్మం దగ్గరికి పిలిచి, మొగుళ్ళకి చెప్పుకోలేనివీ తోడికోడళ్ళకి తెలియకూడనివీ ఆమె చెవిలో చెప్పుకునేవారు. చివరిదాకా వినేది. మధ్యలో అయ్యో అనేది కూడా కాదు. అంతా అయ్యాక "మా ప్రభువుకి చెప్తానమ్మా" అని అక్కడే కళ్ళు మూసుకునేది. ఆ చెప్పుకున్నవాళ్ళలో దొరబాబుగారి భార్య రత్నమాణిక్యంగారు కూడా ఉంది. దొరబాబుగారంటే పల్లంరాజుగారికి ఎదుటి వర్గం పెద్ద. ఆయన వీధరుగు మీద కూర్చుని పేటలో మతాలు మార్చేస్తున్నారని ఉపన్యాసాలు దంచుతుంటే, పెరట్లో ఆయన భార్య తల వంచి ఆమెన్ అనేది.

మర్నాడు పొద్దున్న కుంకం పెట్టుకుని బయటికొచ్చాను. అత్త చీపురు ఆపి చూసింది.

"పదిహేను రోజులే అత్తా. తర్వాత తుడిచేస్తాను."

"బొట్టు మీద నాకేం కోపం లేదమ్మా. తుడిస్తే పోద్ది. నమస్కారం అన్నా తప్పు లేదు, దండం ఎవరికి పెట్టినా దండమే. నువ్వు ఎవరి మనిషివమ్మా అని ఎవరన్నా అడిగితే ఏం చెప్తావో, అది చూసుకో."

"కాగితం మీది మాటే కదమ్మా. దేవుడు మనసు చూస్తాడని పాస్టరుగారే అంటారు" అన్నాడు మా ఆయన.

"దేవుడు మనసు చూస్తాడ్రా, కాదనను. ఊళ్ళో వాళ్ళకి కనపడేది మన నోరే కదా. నోట్లో లేనిది మన మనసులో ఉందని వాళ్ళకెలా తెలుస్తాది?"

నిజం చెప్పాలంటే అప్పటికే నాకు ఆశ పుట్టింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ నన్ను కుర్చీలో కూర్చోమనలేదు. పేటకి కుళాయి వేయిస్తాను, కాలవ మీద కర్ర వంతెన తీయించి సిమెంటుది కట్టిస్తాను అని చీపురు చేతిలో ఉన్నంతసేపూ లెక్కలు వేసుకునేదాన్ని.

దొరబాబుగారు నా మీద నిలబెట్టిన మరిడమ్మ కూడా మా పేటదే. చర్చిలో నా ముందు చాప మీద కూర్చునే మనిషి. ఆమె బొట్టు నా బొట్టుకి రెండింతలు. ఆ ఆదివారం చర్చి పక్క బోరింగు దగ్గర ఇద్దరం ఒకేసారి మొహం కడుక్కోవాల్సి వచ్చింది.

"నీది కుంకమా?" అంది.

"ఆఁ. నీది?"

"స్టిక్కరు. లోపలికెళ్ళేటప్పుడు పీకి పంపు మీద అంటించుకోవచ్చు. ఈ కడుక్కోడం బాధ ఉండదు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ఎన్నికల్లో నేను మనస్ఫూర్తిగా నవ్వింది ఆ ఒక్కసారే.

నామినేషన్లు వేశాక తెలిసింది, స్క్రూటినీలో, అంటే ఆ కాగితాలు పరిశీలించేటప్పుడు, దొరబాబుగారు నా మీద అభ్యంతరం పెట్టబోతున్నారని. నేను క్రైస్తవురాలిని, ఎస్సీ సీటుకి పనికిరాను అన్నది ఆయన వాదన. మరిడమ్మ మీద అదే అభ్యంతరం పల్లంరాజుగారూ పెట్టొచ్చు. కాని సాక్ష్యం కావాలి. నా మీద దొరబాబుగారికి సాక్షి దొరికింది, మా అత్త. మరిడమ్మ ఇంట్లో అబద్ధం చెప్పలేని మనిషి ఎవరూ లేరు.

"అప్పాయమ్మ ఏం చెప్తే అదే మాకు ప్రమాణం" అని దొరబాబుగారు సెంటర్లో నలుగురి మధ్యా అన్నారట. మెచ్చుకోలులా అన్నారట కూడా.

ఆ కబురు విని కొవ్వూరు నుంచి మా ఆడపడుచు పావని మధ్యాహ్నం బస్సుకే దిగింది. టీచరు ఉద్యోగానికి ఎంపికై, పోస్టింగు కోసం చూస్తోంది. చెప్పులు కూడా విప్పకుండా తల్లి ముందు కూలబడింది.

"అమ్మా, రేపు నిన్నడిగితే మేం క్రైస్తవులం అనకే. ఆఫీసరు రాసుకుంటాడు. ఆ కాగితం పట్టుకుని ఎవడన్నా మా ఆఫీసుకి వెళ్తే నా ఉద్యోగం పోద్ది."

"నీ ఉద్యోగానికీ నా ప్రభువుకీ సంబంధం ఏంటే?"

"నా సర్టిఫికెట్టులో హిందూ అని ఉందమ్మా."

అత్త చేతిలోని చేట ఆగింది. "ఎప్పట్నుంచి?"

"ఒకటో తరగతి నుంచి. నాన్నే రాయించాడు."

పావని ఒకటో తరగతిలో చేరి పద్దెనిమిదేళ్ళు. మామయ్య పోయి ఆరేళ్ళు. అన్నాళ్ళూ ఆ మాట ఆ ఇంట్లోనే, ఇనప్పెట్టెలో, ఆమె చీరల కింద ఉంది. ఆమెకి చదువు రాదు కాబట్టి తెలియలేదు. అత్త మళ్ళీ చేట కదిపి బియ్యంలో రాళ్ళు ఏరింది. చివరికి అంది:

"అడగకపోతే నేనై చెప్పను. అడిగితే చెప్తాను. నాకు రెండో మాట రాదమ్మా, మీ నాన్న నాకు నేర్పలేదు. నన్నక్కడికి తీసుకెళ్ళకండి."

తెల్లారగానే ఆమెని నిడదవోలులో మా చుట్టాలింటికి పంపేద్దాం అనుకున్నాం. ఆమె మాత్రం మాకు చెప్పకుండా రోజూలాగే మసక చీకట్లో నాట్ల ముఠాతో చేలోకి వెళ్ళిపోయింది. తీసుకురావడానికి మా ఆయన వెళ్ళేసరికే దొరబాబుగారి మనుషులు ఆమెని జీపెక్కించారు.

పంచాయితీ ఆఫీసులో ఇసక వేస్తే రాలనంత జనం. వాన పడుతోంది. ఎన్నికల అధికారి వేరే మండలం నుంచి వచ్చాడు. భోజనాల వేళకి అన్నీ ముగించేయాలని మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాడు. ముందు నన్నడిగాడు.

"మీది ఏ మతమమ్మా?"

"హిందువునండి" అన్నాను. గొంతులో అడ్డం పడుతుందేమోనని రాత్రంతా భయపడ్డాను. మంచినీళ్ళు తాగినంత సుళువుగా వచ్చేసింది. అందుకే నాకు సిగ్గేసింది.

"ఆవిడ మాట వద్దండి. ఇదిగో అత్తగారు. ఆమెనడగండి" అన్నారు దొరబాబుగారు.

జనం దారిచ్చారు. అత్త మోకాళ్ళ దాకా బురదతో, తడిసిన చీరతో బల్ల ముందుకొచ్చింది. పల్లంరాజుగారు మా ఆయన వంక చూశారు. మా ఆయన నేల చూశాడు. గోడ పక్కన పావని పైట కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

"మీరు క్రైస్తవులా అమ్మా?" అన్నాడు ఆఫీసరు.

అత్త తల మీదికి కొంగు లాక్కుంది. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడు అలాగే లాక్కుంటుంది. ఆ తర్వాత ఆమె నోటి నుంచి ఏం వస్తుందో నాకు తెలుసు. పెదాలు విడివడటం కూడా చూశాను.

"మా అత్తకి వినపడదండి" అన్నాను.

ఆ మాట నాకెవరూ నేర్పలేదు. పల్లంరాజుగారికి కూడా అంత తెలివి పుట్టలేదు. అది నాదే.

"అబద్ధం!" అని దొరబాబుగారు లేచారు. "నిన్నటిదాకా ఊరందరి మాటలూ విన్న మనిషి!"

"ఈ మధ్యే పోయాయండి. వానల్లో తడిసి తడిసి చెవుల్లో చీము పట్టింది" అన్నాను. మొదటి అబద్ధం కన్నా రెండోది ఇంకా బాగా వచ్చింది.

ఆఫీసరు కుర్చీలోంచి ముందుకు వంగి గట్టిగా అరిచాడు. "అమ్మా! మీది! ఏ మతం?"

అత్త ఆయన వంక చూడలేదు. నా వంక చూసింది. కోపం లేదు ఆ చూపులో. పిల్ల చెయ్యి కాల్చుకుంటే తల్లి చూసినట్టు చూసింది. తర్వాత పావనిని చూసింది. తర్వాత బురద చెయ్యి చెవి వెనక పెట్టుకుని, ఆఫీసరు వైపు తిరిగి "ఏంటి బాబూ?" అంది.

జనం గొల్లున నవ్వారు. ఆఫీసరు సాక్షికి వినికిడి లేదు అని రాసుకుని, అభ్యంతరం కొట్టేసి, వాచీ చూసుకున్నాడు.

నేను గెలిచాను. పేటంతా డప్పులు, దండలు. దొరబాబుగారు కోర్టుకెక్కారు. ముసలామెది దొంగ చెవుడని రుజువు చేస్తానని, డాక్టరు చేత పరీక్ష చేయిస్తానని పంతం పట్టారు. పల్లంరాజుగారు పెట్టిన వకీలు మా ఇంటికే వచ్చాడు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి చెప్పాడు:

"తీర్పొచ్చేదాకా ఆవిడకి వినపడకూడదు."

"ఎన్నాళ్ళండి?" అన్నాను.

"రెండేళ్ళు పట్టొచ్చు. మూడేళ్ళు పట్టొచ్చు. ఆవిడకి వినపడిందంటే నీ పదవి ఒక్కటే కాదమ్మా పోయేది. ఆఫీసరు ముందు అబద్ధం చెప్పినందుకు కేసవుతుంది. అక్కడ్నుంచి మీ ఆడపడుచు కాగితాల దాకా తవ్వుతారు."

అత్త గుమ్మం పక్కన కూర్చుని అన్నీ వింది.

ఆ రోజు నుంచి ఆమెకి వినపడలేదు. వెనక నుంచి సైకిల్ బెల్లు కొట్టేవారు, పేరు పెట్టి పిలిచేవారు, వినాయక చవితికి తెచ్చిన టపాకాయ ఒకటి ఆమె వెనకే కాల్చారు. తల తిప్పేది కాదు. ఒకరోజు చేలో ఎవరో "అప్పాయమ్మా, కాలి దగ్గర పాము!" అని అరిచారు. ముఠా అంతా గట్టు మీదికి దూకింది. నేను లేను, చూసినవాళ్ళు చెప్పారు. ఆమె కాలు తీయకుండా నారు నాటుకుంటూ పోయిందట. పాము లేదు గాని, ఆ సంగతి ఆమెకెలా తెలుసు? ఆ రోజుతో ఊరంతా నమ్మింది.

నమ్మాక ఇంకెవరూ ఆమెని పెరటి గుమ్మాలకి పిలవలేదు. చెవిలో చెప్పుకునే కష్టం చెవిటిదానికి అరిచి చెప్పలేరు కదా. చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. ఇప్పుడు అందరికంటే వెనక కూర్చుని పెదాలు బిగించుకునేది. గుమ్మాల్లో "వందనాలమ్మా" అనడం కూడా మానేసింది. చెవిటిది పలకరిస్తే ఎదుటివాళ్ళు ఏదో ఒకటి అంటారు, ఆ అన్నదానికి జవాబు చెప్పకుండా ఉండటం కష్టమని మానేసిందనుకుంటాను. ఇంట్లో తలుపులేసుకున్నాక మాత్రం నాతో గొంతు తగ్గించి రెండు మాటలాడేది. కూరలో ఉప్పు చాలిందా, పంచాయితీలో పొద్దుపోయిందేం అని. ఆ రెండు మాటల కోసం నేను పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చేదాన్ని. కుర్చీలో నా పని పల్లంరాజుగారి గుమస్తా చూపించిన చోట సంతకం పెట్టడమే. కుళాయీ లేదు, వంతెనా లేదు. పావనికి మాత్రం కొవ్వూరు దగ్గర బడిలో ఉద్యోగం వచ్చింది.

భాద్రపదం చివర్లో ఒక మధ్యాహ్నం, వాన జోరుగా పడుతుంటే, మా వెనక గుమ్మంలో ఎవరో గొడుగు ముడిచారు. రత్నమాణిక్యంగారు. ఆ ఇంటి ఆడవాళ్ళు కాలవ దాటి పేటలోకి రావడం నేనెప్పుడూ చూడలేదు. అవసరమైతే మమ్మల్నే పిలిపించుకునేవారు. చీర కుచ్చిళ్ళు బురదలో నానుతున్నా చూసుకోకుండా వచ్చి, అత్త పక్కన పీట మీద కూర్చుంది.

"నువ్వు కాస్త లోపలికెళ్ళమ్మా" అంది నాతో.

వెళ్ళి తలుపు వెనక నిలబడ్డాను. అన్నీ వినపడ్డాయి.

"అప్పాయమ్మా, నీకు వినపడుద్దని నాకు తెలుసు. మా ఆయనకి చెప్పను, నా బిడ్డల మీద ఒట్టు. రొమ్ములో గడ్డంట. సోమవారం రాజమండ్రిలో ఆపరేషను. ఇంట్లో అందరూ ఏం కాదంటన్నారు. నాకు భయంగా ఉంది అప్పాయమ్మా. నువ్వేం మాట్లాడొద్దు. ఊరికే కళ్ళు మూసుకో, నాకు తెలుస్తాది."

తలుపు సందులోంచి చూశాను. అత్త కళ్ళు మూసుకోలేదు. కళ్ళు మూసుకుంటే విన్నట్టే. ఈవిడ ఒట్టు నిజమే కావచ్చు, రేపు కోర్టులో మొగుడు బోనెక్కిస్తే? అందుకని కళ్ళు పెద్దవి చేసుకుని, చెవిటివాళ్ళు నవ్వినట్టు వెర్రినవ్వు నవ్వుతూ కూర్చుంది. ఒళ్ళో ఉన్న చేతులు మాత్రం ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి.

రత్నమాణిక్యంగారు చాలాసేపు చూసింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, గొడుగు తీసుకుని, కనీసం విప్పకుండానే వానలోకి దిగింది.

బయటికొచ్చి అత్త ముందు కూర్చున్నాను. ఇంట్లో మేమిద్దరమే. ముందు తలుపు గడియ వేసే ఉంది.

"అత్తా, ఆవిడ ఇంకా కాలవ దాటలేదు. పిలుస్తాను. పదవి పోతే పోనీ. నువ్వు ఆవిడకి చెప్పాల్సింది చెప్పు" అన్నాను. అనడం అన్నాను గాని నా కాళ్ళు అక్కడే ఉన్నాయి. లేవమని ఆమె అంటే లేద్దామని చూస్తున్నాను.

అత్త నా మొహంలోకి చూసింది. ఆమె చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. చెయ్యి ఎత్తి నెమ్మదిగా చెవి వెనక పెట్టుకుంది.

"ఏంటమ్మా? వినపడలా" అంది.